గనికి ముందటి నేల, వాన, గాలి: బొగ్గు ప్రాంతాల మూలస్థితి అధ్యయనాలపై సమీక్ష

ప్రశ్న, దాని పరిధి

బొగ్గుగని తవ్వకం మొదలుకాక మునుపు ఒక ప్రాంతపు వాన, వేడి, గాలి, నేల, నీరు, పచ్చదనం ఏ తీరున ఉన్నాయో కొలిచి నమోదు చేసిన వివరాల సముదాయాన్ని పర్యావరణ మూలస్థితి అంటారు. కార్యాలయాల వాడుకలో దీన్నే బేస్‌లైన్ అని పిలుస్తారు. గని వచ్చిన తరువాత కలిగే ప్రతి మార్పునూ ఈ మూలస్థితితోనే పోల్చి చూడాలి కనుక, అది లేనిచోట తన పొలానికి నష్టం జరిగిందని రైతు నిరూపించలేడు, జరగలేదని గని యాజమాన్యమూ నిరూపించలేదు, గని మూతపడ్డాక నేలను ఏ స్థితికి తిరిగి తేవాలో ప్రభుత్వమూ నిర్ణయించలేదు. ఈ సమీక్ష మూలస్థితిలోని రెండు అంశాలకు, అంటే శీతోష్ణస్థితికి, మృత్తికలకు పరిమితమవుతుంది.

ఈ రెండింటినీ ఎంచుకోవడానికి కారణం ఉంది. దుమ్ము ఎంత దూరం పోతుందనేది గాలివాటంపై, తేమపై ఆధారపడుతుంది. బావుల్లో నీరు ఎంత ఊరుతుందనేది వాన తీరుపై, నేల గుల్లతనంపై ఆధారపడుతుంది. మట్టికుప్పల మీద మొక్క బతుకుతుందా లేదా అన్నది కూడా వేసవి వేడి, మట్టి లోతు కలిసి తేల్చే విషయమే. కాబట్టి వీటి కొలతలు తప్పితే వాటి మీద నిలిచిన మిగిలిన అంచనాలన్నీ తప్పుతాయి. శీతోష్ణస్థితినీ నేలనూ వేర్వేరు అధ్యాయాలుగా కాక ఒకే వ్యవస్థగా, కనీసం ఒక నిండు సంవత్సరం పాటు, సగటులతో పాటు తీవ్రతలు కూడా చిక్కేలా కొలిచినప్పుడే మూలస్థితి నమ్మదగినదవుతుందన్నది ఈ సమీక్ష వాదం.

చట్టపరంగా ఈ భావన ఇటీవలిదే. అమెరికా 1969లో చేసిన జాతీయ పర్యావరణ విధాన చట్టంతో ప్రభావ మదింపు అనే పద్ధతి రూపుదిద్దుకోగా, 1977లో అదే దేశం ఉపరితల గనుల నియంత్రణకు మరొక చట్టం తెచ్చి, మేలైన సాగుభూముల్లో మట్టి పొరలను విడివిడిగా తీసి, విడివిడిగా నిల్వచేసి, అదే వరుసలో తిరిగి పరచాలని ఆదేశించింది. భారతదేశంలో 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994 జనవరి 27న తొలి ప్రభావ మదింపు ప్రకటన, దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14న ప్రస్తుత ప్రకటన వెలువడ్డాయి. వీటి ప్రకారం అనుమతి కోరే గని, తన హద్దుల లోపలి భాగాన్ని కేంద్ర మండలంగా, చుట్టూ 10 కిలోమీటర్ల దూరం వరకు ఉన్న భాగాన్ని పరిసర మండలంగా తీసుకుని, సాధారణంగా వానాకాలం కాని ఒక రుతువులో కొలతలు సేకరించి నివేదిక సమర్పించాలి. ఈ ఒక్క రుతువు నియమమే తరువాతి చర్చకు కేంద్రం.

ఖరగ్‌పూర్ ఎందుకు ముఖ్యం

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌లో బొగ్గుగని లేదు. అయినా బొగ్గుతో ఆ ఊరి అనుబంధం ఊరు పుట్టుక నాటిది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పంతొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో ఇక్కడ కూడలి నెలకొల్పి, ఆ తరువాత కర్మాగారాన్ని కట్టింది. బాంకురా, ఆద్రా మీదుగా పోయే మార్గం ఈ కూడలిని రాణిగంజ్ బొగ్గుసీమతో కలిపింది, తీరం వెంబడి దక్షిణానికి సాగిన మార్గం వాల్తేరుతో కలిపింది. ఆ దక్షిణపు దారిన ఉత్తరాంధ్ర నుంచి వచ్చి కర్మాగారంలో, ఇంజిన్ షెడ్లలో కుదురుకున్న తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికారిక గుర్తింపు ఇవ్వడానికి నేపథ్యం ఆ జనసంఖ్యే. ఆవిరి యంత్రాల కాలమంతా ఆ చేతులు బొగ్గుతో పనిచేశాయి గాని, ఆ బొగ్గు వచ్చిన నేల పూర్వస్థితి ఏమిటని అడిగే అవసరం ఆనాడు ఎవరికీ తోచలేదు.

శాస్త్రదృష్టితో చూసినప్పుడు ఖరగ్‌పూర్ విలువ మరొకటి. ఛోటానాగపూర్ పీఠభూమి తూర్పు అంచు గంగా మైదానంలోకి దిగే చోట, కాంసావతి నదికి దక్షిణాన ఉన్న ఈ పట్టణం, రాణిగంజ్, బీర్‌భూమ్ ప్రాంతాల్లోని మెట్టనేలలకు దగ్గరి బంధువైన ఎర్రటి లేటరైట్ నేల మీద నిలిచింది. ఆ నేలా, దాదాపు అదే రుతుచక్రమూ ఇక్కడ ఉన్నాయి, గని మాత్రం లేదు. పైగా 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఇక్కడే ఉండటం వల్ల గనుల ఇంజినీరింగు, భూగర్భశాస్త్రం, వ్యవసాయ ఇంజినీరింగు విభాగాలు ఒకే ఆవరణలో పనిచేస్తున్నాయి, లేటరైట్ నేలలపై, వాటి మీద వరిసాగుపై దశాబ్దాల పరిశోధన పోగుపడింది. గనివల్ల మారిన నేలను మారని నేలతో పోల్చడానికి ఎంచుకునే చోటును పోలికస్థలం అంటారు. రైల్వేకాలనీలు, ఇటీవలి ఇనుము పరిశ్రమలు ఆక్రమించిన పట్టణ భాగాన్ని విడిచి, చుట్టుపక్కల సాలవనాలనూ మెట్టపొలాలనూ తీసుకుంటే, ఈ ప్రాంతం తూర్పు భారత బొగ్గుసీమలకు అటువంటి పోలికస్థలంగా ఉపకరిస్తుంది.

శీతోష్ణస్థితి: సగటు చెప్పేది, దాచేది

మూలస్థితి నివేదికలో శీతోష్ణస్థితి వివరాలు రెండు మూలాల నుంచి వస్తాయి. మొదటిది భారత వాతావరణ శాఖ సమీప కేంద్రంలో 30 ఏళ్ల కొలతలను సగటు చేసి ఇచ్చే సాధారణ విలువలు. రెండోది గని స్థలంలోనే తాత్కాలిక యంత్రాన్ని నిలిపి గంటగంటకు నమోదు చేసే ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం, గాలిదిశ, వర్షపాతం. గాలి ఏ దిక్కు నుంచి ఎంతసేపు, ఎంత వేగంతో వీచిందో చూపే వలయాకారపు పటాన్ని విండ్‌రోజ్ అంటారు. దుమ్ము ఏ ఊరి మీద పడుతుందో చెప్పే లెక్కలన్నిటికీ అదే ఆధారం.

ఖరగ్‌పూర్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1400 నుంచి 1600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది; అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలదే. మార్చి నుంచి మే వరకు సాయంకాలాల్లో వాయవ్యం నుంచి విరుచుకుపడే ఉరుముల గాలివానలను బెంగాలీలు కాలబైశాఖి అంటారు. బంగాళాఖాతం దగ్గరే కావడం వల్ల తుపానుల ప్రభావం కూడా ఉంది. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ తీరాన్ని ధ్వంసం చేసిన తుపాను నాటి ఉమ్మడి మేదినీపూర్ జిల్లా చరిత్రలో చెరగని ఘట్టం. తెలంగాణలో గోదావరి లోయలోని సింగరేణి బొగ్గుసీమలో వాన దీనికంటే తక్కువ, ఏటా సుమారు 1000 నుంచి 1200 మిల్లీమీటర్లు; అందులోనూ నాలుగింట మూడు వంతులకు పైగా రుతుపవనాల నాలుగు నెలల్లోనే పడుతుంది. రామగుండం, కొత్తగూడెం ప్రాంతాల్లో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటడం అక్కడివారికి కొత్త కాదు.

ఈ సగటులు అవసరమే గాని, గనికి సంబంధించిన ప్రమాదాలన్నీ సగటుకు అవతల ఉంటాయి. 2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ సమీపంలోని కలైకుండాలో ఉష్ణోగ్రత 47.2 డిగ్రీలకు చేరింది. అది ఆ రోజుకు ఉండవలసిన సాధారణ స్థాయి కంటే 10 డిగ్రీలకు పైగా ఎక్కువ. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాతావరణ శాఖ వర్గీకరణలో 204.4 మిల్లీమీటర్లు దాటితేనే అత్యంత భారీ వర్షం. ఇది దానికి మూడు రెట్లకు మించినది, గోదావరి బొగ్గుసీమ ఏడాది వానలో సగానికి పైబడినది. అదే రోజుల్లో పక్కనున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు నీట మునిగింది. ఇంతటి వాన నేలను పైనుంచి తవ్విన 100 హెక్టార్ల ఓపెన్‌కాస్టు గోతిలో పడితే, చుట్టుపక్కల నుంచి వచ్చి చేరే వరదను లెక్కలోకి తీసుకోకపోయినా, సుమారు 6.5 లక్షల ఘనపు మీటర్ల నీరు నిలుస్తుంది. గోతి మోటార్లు, కట్టలు, మళ్లింపు కాలువలు ఏ కొలతకు కట్టాలన్నది ఇటువంటి ఒక్క రోజుపై ఆధారపడుతుంది, సగటు జులైపై కాదు.

ఒక్క రుతువు కొలతల్లోని లోపం ఇక్కడే బయటపడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొలిస్తే, నేలకు దగ్గరి చల్లని గాలి మీద వెచ్చని గాలి మూతలా కప్పుకునే ఉష్ణోగ్రతా విలోమం పట్టుబడుతుంది. ఆ ఉదయాల్లో దుమ్ము పైకి లేవలేక జనావాసాల మధ్యే నిలిచిపోతుంది. కాని ఉత్తర, వాయవ్య దిక్కుల శీతకాలపు గాలి మాత్రమే విండ్‌రోజ్‌లో చేరి, వేసవిలో బంగాళాఖాతం వైపు నుంచి వీచే గాలి దానిలో కనిపించదు. మార్చి నుంచి మే వరకు కొలిస్తే ఎండ, ఎగిరే ధూళి దొరుకుతాయి గాని విలోమం దొరకదు. రెండు పద్ధతుల్లోనూ వానాకాలం పూర్తిగా తప్పిపోతుంది. 2009 జాతీయ గాలినాణ్యతా ప్రమాణాల ప్రకారం 10 మైక్రాన్లలోపు ధూళికణాలకు 24 గంటల హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములైతే, ఏడాది సగటుకు హద్దు 60 మైక్రోగ్రాములు. ఏడాది ప్రమాణంతో పోల్చడానికి మూడు నెలల కొలతలు చాలవన్నది ఆ ప్రమాణం నిర్మాణంలోనే ఉన్న సత్యం.

మరొక చిక్కు కాలంతో వస్తుంది. ఓపెన్‌కాస్టు గని ఆయుష్షు తరచు 20, 30 ఏళ్లు. మూసిన తరువాత మిగిలే గొయ్యి, మట్టిగుట్ట తరతరాలు ఉంటాయి. శీతోష్ణస్థితి మారుతున్న యుగంలో గత 30 ఏళ్ల సగటు రాబోయే 30 ఏళ్లకు హామీ కాదు. అందువల్ల మంచి మూలస్థితి నివేదిక గడచిన దశాబ్దాల్లో వానరోజుల సంఖ్య, ఒక్కరోజు గరిష్ఠ వాన, వేడిగాడ్పుల రోజులు ఏ దిశగా కదులుతున్నాయో కూడా చెప్పాలి. అలా చేయకపోతే గనివల్ల వచ్చిన మార్పును వాతావరణంపైకి, వాతావరణంవల్ల వచ్చిన మార్పును గనిపైకి నెట్టే వివాదాలకు తెర పడదు.

మృత్తికలు: పైపొరకూ లోతుకూ మధ్య

లేటరైట్ అన్నది వేడి, తడి ఒకదాని వెంట ఒకటి వచ్చే దేశాల్లో సుదీర్ఘకాలం జరిగిన క్షాళనవల్ల ఏర్పడే పదార్థం. వాననీరు శిల నుంచి సిలికానూ, సున్నం, మెగ్నీషియం, పొటాషియం వంటి క్షారాలనూ కడిగివేయగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి, గాలి తగిలి గట్టిపడతాయి. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలోని అంగడిపురం వద్ద దీన్ని తొలిసారి శాస్త్రపరంగా వర్ణించాడు. ఖరగ్‌పూర్ మెట్టల మీద కనిపించే మొరం గులకలు, వాటి కింద తగిలే గట్టిపొర ఈ ప్రక్రియ ఫలితాలే. ఈ నేలల్లో సాధారణంగా ఆమ్లగుణం ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. వేసిన భాస్వరం ఇనుము, అల్యూమినియంలతో బంధింపబడి మొక్కకు అందకుండా పోతుంది. పోషకాలను పట్టి ఉంచే శక్తి కూడా స్వల్పమే.

అయితే ఒక మెట్ట నుంచి పల్లానికి దిగే కొద్దీ నేల మారిపోతుంది. పైనుంచి కొట్టుకొచ్చిన బంకమట్టి పల్లంలో చేరి అక్కడ వరి పండుతుంది. బాంకురా, పురులియా రైతులు ఈ వాలును తాఁడ్, బైద్, కానాలి, బహాల్ అని అంచెలుగా విభజించి, ఒక్కో అంచెకు ఒక్కో పంటను, ఒక్కో విత్తు అదనును కేటాయించుకున్నారు. తెలంగాణలో ఇదే జ్ఞానం దుబ్బ, చల్క, రేగడి అనే విభజనలో ఉంది: ఇసుకపాలు ఎక్కువగా ఉండి నీరు నిలవనిది దుబ్బ, ఎర్రని ఇసుకగరపది చల్క, పల్లాల్లో తేమను పట్టి ఉంచి ఎండకు నెర్రెలు విచ్చేది నల్లరేగడి. మృత్తికాశాస్త్రం వీటిలో చల్కనేలలను ప్రధానంగా ఆల్ఫిసాల్స్‌లోనూ, రేగడిని వర్టిసాల్స్‌లోనూ చేరుస్తుంది. గోదావరి లోయలో సుమారు 25 కోట్ల నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి గోండ్వానా ఇసుకరాళ్ల మీద ఏర్పడిన నేలల్లో ఇసుక పాలు ఎక్కువ. వాటి మధ్యన గొలుసుకట్టు చెరువులు వాననీటినీ, కొట్టుకొచ్చిన ఒండ్రునూ ఒడిసిపట్టి నేలకు తిరిగి ఇచ్చాయి. కాబట్టి మూలస్థితికి మట్టి నమూనాలు తీసేవారు ఈ వాలులోని ప్రతి అంచెనూ తాకాలి. పది కిలోమీటర్ల వలయంలో ఎనిమిదో పదో చోట్ల, అందులోనూ దారికి దగ్గరగా దొరికిన చోట్ల, తీసిన మట్టిని సగటు చేస్తే వచ్చే నేల ఆ ప్రాంతంలో ఎక్కడా ఉండదు.

కొలవవలసినవి ఏమిటో చాలావరకు స్థిరపడి ఉంది. ఇసుక, ఒండ్రు, బంకమన్నుల పాళ్లు నేల పొందికను చెబుతాయి. పీహెచ్ అనేది ఆమ్లక్షార గుణాన్ని తెలిపే సంఖ్య. 7 తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం. విద్యుద్వాహకత ఉప్పుదనాన్ని సూచిస్తుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే అల్పమనీ, 0.75 శాతం దాటితే అధికమనీ భారతీయ ప్రయోగశాలలు లెక్కిస్తాయి. అందుబాటులోని నత్రజని హెక్టారుకు 280 కిలోలకు తగ్గితే అల్పం. వీటితో పాటు స్థూలసాంద్రత, అంటే పొడిమట్టి బరువును దాని మొత్తం ఘనపరిమాణంతో భాగించగా వచ్చే విలువ, తప్పక ఉండాలి. అది లేనిదే శాతాలు పరిమాణాలుగా మారవు: సాంద్రత 1.5 ఉన్న నేలలో పై 15 సెంటీమీటర్లలో 0.5 శాతం కర్బనం ఉంటే హెక్టారుకు సుమారు 11 టన్నుల కర్బనం ఉన్నట్లు. గని మూసివేశాక తిరిగి పరచిన మట్టిలో ఎంత కర్బనం మిగిలిందో, యంత్రాల బరువుకు అది ఎంత బిగుసుకుపోయిందో తేల్చడానికి ఈ ఒక్క కొలతే ఆధారం. అయినా అనేక నివేదికలు ఎరువుల మోతాదు నిర్ణయించే పరీక్షల పట్టికతోనే తృప్తిపడతాయి. ఆ పట్టిక రైతుకు పనికొస్తుంది గాని, నేలను పొరలుగా విప్పి మళ్లీ పేర్చబోయేవారికి చాలదు. వారికి గొయ్యి తవ్వి, ఒక్కో పొర లోతు, రంగు, నిర్మాణం, వేళ్లు చేరిన లోతు నమోదు చేసిన నిలువుకోత కావాలి.

బొగ్గుసీమలకే ప్రత్యేకమైన ఒక సాంకేతిక చిక్కును ఇక్కడ గుర్తించాలి. సేంద్రియ కర్బనాన్ని కొలిచే వాక్లీ–బ్లాక్ పద్ధతిలో క్రోమిక్ ఆమ్లంతో మట్టిలోని కర్బనాన్ని ఆక్సీకరణం చేస్తారు. మట్టిలో బొగ్గు నలుసులు ఉంటే వాటిలో కొంత భాగం కూడా ఆక్సీకరణం చెంది లెక్కలోకి వస్తుంది. దాంతో బొగ్గు దుమ్ము పడిన నేల, సాళ్లలో ఆకులలమూ పశువుల ఎరువూ చివికిన నేలకంటే సారవంతంగా కాగితంపై కనిపించే ప్రమాదం ఉంది. బొగ్గు అత్యంత పురాతనమైనది కాబట్టి అందులో రేడియో కర్బనం మిగలదు. సజీవ పదార్థం నుంచి వచ్చిన కర్బనంలో అది ఉంటుంది. ఆ తేడా ఆధారంగానో, వేడిమి పెంచుతూ బరువు తగ్గుదలను గమనించే పద్ధతితోనో రెంటినీ వేరుచేయవచ్చు. అన్నింటికంటే మేలైన మార్గం మాత్రం తొలి లారీ కదలక ముందే నమూనాలు తీసి భద్రపరచడం.

వాన, నేల కలిసే చోటు

శీతోష్ణస్థితి అధ్యాయం, మృత్తికల అధ్యాయం విడివిడిగా ముగిసిపోయే నివేదికల్లో కనిపించకుండా పోయేది నేలకోత. కోతను అంచనా వేయడానికి వాడే సార్వత్రిక సమీకరణం వాన తాకిడి, నేల కోతకు లొంగే గుణం, వాలు పొడవు–నిటారుతనం, కప్పి ఉన్న పచ్చదనం, రక్షణ పద్ధతులు అనే అంశాలను గుణించి ఏటా కొట్టుకుపోయే మట్టిని లెక్కిస్తుంది. ఈ అంశాలు ఒకదానితో ఒకటి గుణింపబడతాయి కనుక, పచ్చదనం పోయిన నిటారు మట్టిగుట్ట మీద రుతుపవనపు వాన పడినప్పుడు కోత అనేక రెట్లవుతుంది. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే గఢ్‌బేతా దగ్గర శిలాబతి నది ఒడ్డున ఉన్న గంగని లోయ, పచ్చదనం కప్పని లేటరైట్ మీద నీరు ఏమి చేయగలదో చూపే ప్రకృతి సాక్ష్యం. అక్కడి ఎర్రటి గోడలనూ గండ్లనూ వాన, నది కలిసి మలిచాయి. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు మీది రాతిమట్టిని తొలగించి పోసే ఓబీ కుప్పల మొత్తం వాలు 28 డిగ్రీలు మించరాదని అనుమతుల్లో షరతు పెట్టడం ఇందుకే. ఆ షరతు నెరవేరిందో లేదో కొలవడం తేలిక. కుప్ప నుంచి దిగిన మట్టి ఏ చెరువులో పూడిందో చెప్పాలంటే మాత్రం ఆ చెరువు పూడిక మూలస్థితిలో నమోదై ఉండాలి.

పైమట్టి లెక్క కూడా ఇక్కడే తేలాలి. వంద హెక్టార్లలో 15 సెంటీమీటర్ల పైమట్టి అంటే 1.5 లక్షల ఘనపు మీటర్లు. దాన్ని ఎత్తైన గుట్టగా ఏళ్ల తరబడి నిల్వ ఉంచితే లోపలికి గాలి అందక వేరుబూజులు, సూక్ష్మజీవులు, విత్తనాలు నశిస్తాయి. తవ్విన వెంటనే పక్కన తయారైన చోట పరచడం ఉత్తమం; అది కుదరనప్పుడు తక్కువ ఎత్తు గుట్టలుగా ఉంచి పచ్చిరొట్ట మొక్కలు పెంచాలి. భారత గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా 1 శాతం లోపే ఉండటంవల్ల అస్సాంలోని మాకుం వంటి చోట్ల కనిపించే తీవ్రమైన ఆమ్లజల సమస్య గోదావరి, దామోదర లోయల్లో అంతగా లేదు. కానీ సహజంగానే ఆమ్లగుణం గల లేటరైట్ నేలలో గని తరువాత కనిపించిన ఆమ్లతను గనిదేనని అనుకునే పొరపాటూ, గనిది కాదని కొట్టిపారేసే పొరపాటూ రెండూ సాధ్యమే. మధ్యన నిలిచి తీర్పు చెప్పగలిగేది తవ్వకానికి ముందటి పీహెచ్ ఒక్కటే.

పాత గనులు, జారిపోయే కొలబద్ద

రాణిగంజ్ ప్రాంతంలో సమ్నర్, హీట్లీ బొగ్గు తవ్వకం ప్రారంభించింది 1774లో. గోదావరి లోయలో ఇల్లెందు వద్ద భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో బొగ్గును గుర్తించగా, 1886లో ఏర్పడిన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. అదే 1920లో సింగరేణి కాలరీస్‌గా మారింది. సింగరేణి తొలి దశాబ్దాల బొగ్గుబావులు నేల కింద ఉండేవి. 1970ల నడుమ మొదలైన ఓపెన్‌కాస్టు పద్ధతి నేలను పైనుంచే తొలగించింది. రాణిగంజ్, గోదావరి లోయ రెండింటిలోనూ ప్రభావ మదింపు ప్రకటన రావడానికి శతాబ్దం ముందే తవ్వకం నడుస్తోంది కాబట్టి, నేడు విస్తరణకు రాసే నివేదికలోని మూలస్థితి అనేది ఇప్పటికే మారిన స్థితి. ప్రతి తరమూ తన కంటికి కనిపించిన స్థితినే సహజమని స్వీకరించి, దాని నుంచే నష్టాన్ని లెక్కించడాన్ని 1995లో డానియల్ పాలీ చేపల వేటకు సంబంధించి గుర్తించి, జారిపోయే మూలస్థితి అన్నాడు. బొగ్గుసీమలకు ఈ విశ్లేషణ మరింత కచ్చితంగా వర్తిస్తుంది.

ఈ లోటును పూడ్చే దారులు మూడు. మొదటిది పాత పటాలు, గ్రామాల భూమి దస్త్రాలు, ఉపగ్రహ చిత్రాలు, జిల్లా వర్షపాతపు పద్దులను కలిపి వెనుకటి స్థితిని పునర్నిర్మించడం. రెండోది పోలికస్థలాలను స్థిరంగా ఎంచుకుని ఏటా కొలవడం. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల మెట్టలు, సాలవనాలు అందుకు అనువైనవి. మేదినీపూర్‌కు ఉత్తరాన ఉన్న ఆరాబారీలో 1970ల ఆరంభంలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ గ్రామస్థులను భాగస్వాములను చేసి క్షీణించిన సాలవనాన్ని తిరిగి పెంచిన ప్రయోగం, లేటరైట్ నేలకు తనంతట తాను కోలుకునే శక్తి ఎంత ఉందో చూపింది. అయితే అక్కడ నేలపొరలు చెక్కుచెదరలేదు, నరికిన సాలమొదళ్ల వేళ్లు బతికే ఉన్నాయి. ఓబీ కుప్ప మీద ఆ రెండూ ఉండవు. కనుక ఆరాబారీని గని పునరుద్ధరణకు చేరదగిన గమ్యంగా చూపవచ్చు గాని, అంత సులువుగా చేరగల గమ్యంగా చూపరాదు. మూడోది ఇంకా పూర్తిగా తెరుచుకోని చోట్ల అవకాశం జారిపోకముందే కొలవడం. బీర్‌భూమ్ జిల్లాలోని దేవ్‌చా–పాచామీలో బొగ్గు మందమైన బసాల్ట్ రాతి కింద ఉంది. రాతి క్వారీలు, కంకరమిల్లుల ధూళి అక్కడ ముందునుంచీ ఉన్నా, సంతాలీ గ్రామాల పొలాలు, వాగులు, ఎర్రమట్టి మెట్టలు ఏ స్థితిలో ఉన్నాయో నిండు సంవత్సరాల కొలతలతో నమోదు చేయడానికి ఉన్న సమయం ఇదే.

ప్రస్తుత పద్ధతిపై అంచనా

మొత్తం మీద చూస్తే భారతీయ మూలస్థితి అధ్యయనాల్లో కొలతల నాణ్యతకంటే వాటి అమరికే బలహీనం. పరికరాలు మెరుగయ్యాయి, ప్రయోగశాలలకు గుర్తింపు విధానం వచ్చింది, నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలన్న నియమం ఉంది, 2009 నుంచి గని మూసివేత ప్రణాళిక ముందే సిద్ధం చేయాలన్న మార్గదర్శకాలు అమలులో ఉన్నాయి. ఇవన్నీ విలువైన అడుగులే. అయినా మూసివేత ప్రణాళిక లక్ష్యాలకు, మొదటి నివేదికలోని నేల వివరాలకు లంకె తరచుగా కుదరదు. ఎన్ని మొక్కలు నాటారన్నది లెక్కకు వస్తుంది, ఏ లోతు మట్టి తిరిగి వచ్చిందన్నది రాదు.

మార్చుకోవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. కొలతలు నాలుగు రుతువులనూ కలుపుకుని కనీసం ఒక ఏడాది సాగాలి, వాటిని 30 ఏళ్ల పద్దులతో, తీవ్ర ఘటనలతో జోడించాలి. నమూనాలు వాలు వెంబడి ప్రతి అంచె నుంచి, నిలువుకోతతో సహా రావాలి. మట్టి నమూనాల్లో కొంత భాగాన్ని ప్రభుత్వ సంస్థ వద్ద శాశ్వతంగా నిల్వ చేస్తే, ముప్పై ఏళ్ల తరువాత కొత్త పద్ధతులతో మళ్లీ పరీక్షించవచ్చు. ఏ అధ్యయనంలోనైనా గని పరిధికి వెలుపల పోలికస్థలం ఉండాలి. స్థానిక భాషలోని సారాంశం రైతు మాటల్లో ఉండాలి. ఆల్ఫిసాల్ అని రాసిన చోట చల్క అని కూడా రాస్తే, బహిరంగ విచారణకు వచ్చిన రైతు ఆ వివరం తన పొలానికి సరిపోయిందో లేదో చెప్పగలడు, తప్పును అక్కడికక్కడే సరిదిద్దగలడు. బెంగాల్‌లో బాంగ్లాతో పాటు సంతాలీకి, సింగరేణిలో తెలుగుతో పాటు గోండి, కోయ భాషలకు ఇదే వర్తిస్తుంది.

ఈ పనికి అయ్యే ఖర్చు గని పెట్టుబడిలో అత్యల్పం, పట్టే కాలం ఒక ఏడాది. మారిపోయిన వాతావరణాన్నీ, తిరగబడిన నేలపొరలనూ ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా వెనక్కి వెళ్లి కొలవడం సాధ్యం కాదు. దేశం ఇంకా కొన్ని దశాబ్దాలు బొగ్గు మీద ఆధారపడక తప్పదనుకున్నా, ఆ బొగ్గు కోసం తమ నేలను ఇచ్చేవారికి కనీసం ఆ నేల ఎలా ఉండేదో చెప్పే నిజమైన పత్రం ఒకటి దక్కాలి. రెండున్నర శతాబ్దాల తవ్వకంలో రాణిగంజ్‌కు, శతాబ్దానికి పైబడిన తవ్వకంలో గోదావరి లోయకు దక్కనిది అదే. ఇకపై తెరిచే ఏ గనికీ ఆ లోటు మిగలనివ్వకపోవడం శాస్త్రజ్ఞుల చేతిలోనూ ప్రభుత్వాల చేతిలోనూ ఉన్న పని.